మోకాలి కుదురు చిరిగితే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సార్వా ఊడ్పులయ్యాక మాకొచ్చే ఉత్తరాల్లో మోకాళ్ల నొప్పులవే ఎక్కువ. ఈసారి చాలామంది ఉత్తరంతో పాటు ఎమ్మారై రిపోర్టు జిరాక్సు కూడా జతచేశారు. దాదాపు అన్నింట్లోనూ ఒకటే మాట: మెనిస్కస్ టేర్, అంటే మోకాలి కీల్లో కుదురులా ఉండే భాగం చిరగడం. అందుకే ఈ సంచిక శీర్షికంతా దానికే కేటాయించాం. రోగనిర్ధారణ, మందులు, ఆపరేషన్ల గురించి ఎముకల డాక్టరు, వ్యాయామాల గురించి ఫిజియోథెరపిస్టు రాశారు.

ప్రశ్న: మాది ఆచంట పక్క పల్లెటూరండి. వయసు 62. ఊడ్పులప్పుడు మడిలో కాలు దిగబడింది. లాక్కునేలోపే ఒళ్లు పక్కకి తిరిగింది, మోకాలి లోపలి వైపు కలుక్కుమంది. మర్నాటికి వాచింది. రెండు నెలలు దాటింది. నడుస్తున్నాను గానీ మెట్లు దిగుతుంటే, ఒక్కసారిగా పక్కకి తిరిగితే పోటు. ఎమ్మారైలో ‘మీడియల్ మెనిస్కస్ పోస్టీరియర్ హార్న్ గ్రేడ్ 3 టేర్’ అని వచ్చింది. కీహోల్ ఆపరేషన్ (చిన్న గాట్లలోంచి చేసేది) చేసి చిరిగిన ముక్క తీసేస్తే సరిపోద్దన్నారు. దాళ్వా పనులు మొదలయ్యేలోపు చేయించేసుకోమంటారా?

తొందరపడకండి. ముందు లోపల ఏం జరిగిందో చూద్దాం. తొడ ఎముక కింది చివర గుండ్రంగా ఉంటుంది. అది కూర్చునే కింది ఎముక తల దాదాపు బల్లపరుపు. అడుగు గుండ్రంగా ఉన్న కుండని గచ్చు మీద పెడితే దొర్లుతుంది కాబట్టి కింద కుదురు పెడతాం కదా, మోకాలిలో మెనిస్కస్ చేసే పని అదే. ప్రతి మోకాలికీ లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి, చంద్రవంక ఆకారంలో రెండు కుదుళ్లుంటాయి. ఒంటి బరువు ఒక్కచోటే పడకుండా పరిచేవి అవే. మీ పాదం బురదలో బిగుసుకుంది, తొడ మాత్రం తిరిగింది. లోపలి వైపు కుదురు వెనక భాగం ఆ రెండెముకల మధ్య నలిగి చిరిగింది. మీ రిపోర్టులో రాసింది అదే.

పాతికేళ్ల కుర్రాడికి ఇదే జరిగితే మా జవాబు వేరుగా ఉండేది. వాళ్ల కుదురు కొత్త కొబ్బరి తాడులా గట్టిగా ఉంటుంది, కుడితే కుట్టు నిలుస్తుంది. అరవై దాటాక అది పీచులు లేచిన పాత గోనె లాంటిది. బురదలో తిరగడం చివరి లాగుడు మాత్రమే, బలహీనత అంతకు ముందే ఉంది. పైగా బయటి అంచు భాగానికి తప్ప లోపలి భాగానికి రక్తం అందదు. అందుకే అక్కడి చిరుగు తనంతట తాను అతుక్కోదు, కుట్టినా నిలవదు. ఇక మిగిలింది చిరిగిన అంచుని కత్తిరించి తీసెయ్యడం. మీకు చెప్పిన ఆపరేషన్ అదే.

కత్తిరిస్తే నొప్పి పోతుందా అన్నదే అసలు ప్రశ్న. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో 50 నుంచి 90 ఏళ్ల మధ్యవాళ్లు 991 మందికి, నొప్పి ఉందా లేదా అని చూడకుండా, మోకాలికి ఎమ్మారై తీశారు. 2008లో వచ్చిన ఆ ఫలితాల్లో, మెనిస్కస్ చిరిగి ఉన్నవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో నొప్పి గానీ, బిగుతు గానీ లేనే లేవు. అంటే చిరుగు కనబడినంత మాత్రాన నొప్పి దానిదే అనుకోడానికి లేదు. 2013లో ఫిన్లాండు డాక్టర్లు ఇంకో మెట్టు పైకి వెళ్లారు. 146 మందిలో సగం మందికి చిరుగు కత్తిరించారు, మిగతా సగానికి కీహోల్ గాట్లు పెట్టి, ఆపరేషన్ చేస్తున్నట్టు నటించి వదిలేశారు. ఎవరికి ఏది జరిగిందో రోగులకి తెలీదు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులూ ఒకేలా బాగుపడ్డాయి. ఆ తర్వాత 2017లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల బృందం, అరుగుదలతో వచ్చే మోకాలి జబ్బుకి దాదాపు ఎవరికీ కీహోల్ ఆపరేషన్ వద్దని గట్టిగానే సూచించింది. చిరుగు ఉన్నవాళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తారు.

‘దెబ్బ తగిలి వచ్చింది కదా, మరి నాకూ అంతేనా?’ అంటారేమో. మీ వయసులో, మోకాలు మధ్యలో ఇరుక్కుపోకుండా నడుస్తున్నంతకాలం అంతే. 12 వారాలు కండ బలానికి కసరత్తులు చెయ్యండి, విధానం కింద ఇంకో ఉత్తరానికి జవాబులో ఉంది. అప్పటికీ లొంగకపోతే ఆపరేషన్ ఎక్కడికీ పోదు. 351 మందితో చేసిన ఒక అమెరికా పరీక్షలో, కసరత్తుల గుంపులో 30 శాతం మంది ఆరు నెలల్లోపు ఆపరేషన్‌కి మారారు. ఆలస్యంగా చేయించుకున్నందుకు వాళ్లేమీ నష్టపోలేదు. అదే ఇప్పుడు ముక్క తీసేశారనుకోండి, కుదురు సన్నబడి ఎముక మీద ఒత్తిడి పెరుగుతుంది. తీసిన ముక్కని మళ్లీ పెట్టలేం.

ఈలోగా ఒక పని చెయ్యండి. రెండు మోకాళ్లకీ నిలబెట్టి ఎక్స్‌రే తీయించండి. పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య సందు ఉన్నదానికంటే ఎక్కువ కనిపించి మోసం చేస్తుంది. సందు ఇప్పటికే తగ్గి ఉంటే నొప్పి ఎక్కువగా అరుగుదలదే, అలాంటప్పుడు చిరుగు కత్తిరించినందువల్ల ఒరిగేది ఇంకా తక్కువ. వాపు ఉన్న రోజుల్లో పల్చటి గుడ్డలో ఐసు చుట్టి 15 నిమిషాల చొప్పున రోజుకి రెండుమూడు సార్లు పెట్టండి. నొప్పికి ముందు డైక్లోఫెనాక్ జెల్ రాసి చూడండి. చాలకపోతే పారాసిటమాల్ 650, కాలేయం జబ్బు లేనివాళ్లు రోజుకి మూడు దాకా వేసుకోవచ్చు, ఎనిమిదేసి గంటల ఎడంతో. బీపీ, షుగరు, కిడ్నీ మందులు వాడేవాళ్లు మిగతా నొప్పి బిళ్లలు సొంతంగా కొనుక్కుని వారాల తరబడి మింగితే మోకాలి కంటే ముందు కిడ్నీకి చేటు. సంచి వైద్యుడు ఇచ్చే ‘పవర్ సూది’లో చాలాసార్లు స్టెరాయిడే ఉంటుంది. మూడు రోజులు గుర్రంలా పరిగెత్తిస్తుంది, ఆ మూడు రోజుల్లోనే చిరుగు పెద్దదయ్యే ప్రమాదం ఉంది.

దాళ్వాకి మడిలోకి దిగకుండా గట్టు మీంచి పని చూసుకోగలిగితే మేలు. తిరగాలంటే పాదం నాటేసి ఒళ్లు తిప్పకండి, చిన్న చిన్న అడుగులు వేసి తిరగండి.

ప్రశ్న: మా అమ్మగారికి 57 ఏళ్లు. పదిహేను రోజుల కిందట కోటిపల్లి రేవు మెట్లు దిగుతుంటే మోకాలి వెనక ‘టప్’మని శబ్దం వచ్చిందట. అప్పట్నుంచీ అడుగు వేయలేకపోతోంది, రాత్రిళ్లు కూడా నొప్పే. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. ఎమ్మారైలో ‘పోస్టీరియర్ రూట్ టేర్, ఎక్స్‌ట్రూషన్ 4 మి.మీ.’ అని ఉంది. వయసు అరుగుదలే, మాత్రలు వాడితే తగ్గుద్దన్నారు. నిజమేనా? — అమలాపురం

పై ఉత్తరానికి ఆగమన్నాం. మీరు మాత్రం ఆగకండి. పేరు ఒకటే అయినా ఇది వేరే దెబ్బ.

కుదురు వెనక కొసని ఎముకకి కట్టి ఉంచే ముడి ఒకటుంటుంది, దాన్నే రూట్ అంటారు. కుదురు అక్కడక్కడ పీచులు లేచినా కుండని మోస్తుంది. ముడే ఊడిందనుకోండి, కుండ బరువుకి కుదురు చుట్ట విడి పక్కలకి జారిపోతుంది. రిపోర్టులో ఎక్స్‌ట్రూషన్ అన్నది ఆ జారుడునే. 3 మి.మీ. దాటితే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి, మీ అమ్మగారిది 4. ముడి ఊడాక మోకాలికి మెనిస్కస్ ఉన్నా లేనట్టే. బరువంతా నేరుగా ఎముక మీద పడి, దాని ఉపరితలానికి కాస్త కింద సన్నటి పగుళ్లు రావచ్చు. రాత్రి నొప్పి దానివల్ల కావచ్చు. ఎమ్మారై సీడీ తీసుకెళ్లి, ఎముకలో వాపు గానీ పగులు గానీ ఉందేమో చూడమని విడిగా అడగండి.

నేల మీద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం అలవాటున్న మన ఆసియా దేశాల్లో యాభై దాటిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ. మోకాలు బాగా మడిచినప్పుడు ఆ ముడి మీద లాగుడు ఎక్కువ పడుతుంది, ఏళ్ల తరబడి నలిగి నలిగి ఒకరోజు మెట్టు దిగుతుంటే తెగుతుంది. ఎక్స్‌రేలో కనబడదు కాబట్టి ‘అరుగుదల’ ఖాతాలో పడిపోతుంది. ‘టప్’మని చప్పుడు, మోకాలి వెనక ఆకస్మిక నొప్పి అని మీరు రాసిన రెండు మాటలే దీన్ని పట్టిస్తాయి.

ఈ రోజు నుంచే ఆ కాలి మీద బరువు తగ్గించండి. వాకరు కొనండి. మెట్లు, నేల మీద కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్టు పూర్తిగా బంద్. తర్వాత, మోకాలి కీహోల్ సర్జరీలు తరచుగా చేసే ఎముకల సర్జన్‌కి చూపించండి. ముడిని మళ్లీ కట్టే ఆపరేషన్ ఉంది. కింది ఎముకలో ముందు నుంచి వెనక్కి సన్నటి సొరంగం తొలిచి, ఊడిన కొసకి గట్టి దారాలు వేసి, ఆ సొరంగంలోంచి లాగి, ముందు వైపు ఒక బొత్తాం లాంటి దానితో బిగిస్తారు. ఎవరికి పనికొస్తుందంటే: కీళ్లవాతపు అరుగుదల ఇంకా తక్కువగా ఉండాలి, కాళ్లు మరీ దొడ్డికాళ్లు కాకూడదు, బరువు మరీ ఎక్కువ ఉండకూడదు. వయసు 57 అన్నది ఒక్కటే అడ్డం కాదు. దొడ్డితనం కొలవడానికి తుంటి నుంచి చీలమండ దాకా నిలబెట్టి తీసే పొడవాటి ఎక్స్‌రే అవసరం, అది తీయకుండా ఆపరేషన్ నిర్ణయించవద్దు.

ఆపరేషన్ తర్వాతి ఆరు వారాలే అసలు పరీక్ష. ఆ కాలు నేలకి ఆనించకూడదు, మోకాలు 90 డిగ్రీలు మించి మడవకూడదు. ఆ తర్వాత కూడా నాలుగు నుంచి ఆరు నెలలు గొంతుక్కూర్చోవడం నిషిద్ధం. ఇంట్లో ఆరు వారాలు వంటా వార్పూ చూసుకునే మనిషి లేకపోతే ఆపరేషన్ చేయించి లాభం లేదు. అమ్మ పదో రోజున పొయ్యి దగ్గరికి నడిచిందంటే ఆ దారాలు ఎముకని కాదు, గాలిని పట్టుకుంటాయి. కట్టిన ప్రతి ముడీ పూర్తిగా అతుక్కోదు, జారిన కుదురు మొత్తం వెనక్కి రాదు. అయినా వదిలెయ్యడం కంటే, ముక్క కత్తిరించడం కంటే అరుగుదల వేగం తగ్గుతుంది. ‘రూట్ టేర్‌కి ట్రిమ్మింగ్ చేస్తాం’ అని ఎవరైనా అంటే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

అరుగుదల ముదిరిపోయి ఉంటే ముడి కట్టే దారి మూసుకుపోతుంది. అప్పుడు చేతికర్ర, బరువు తగ్గడం, తొడ కండ పెంచుకోవడం, ఎముక పగులు ఉంటే అది మానేదాకా వాకరు. చివరికి కీలు మార్పిడి అవసరపడొచ్చు. విటమిన్ డి, ఎముక సాంద్రత పరీక్ష కూడా ఒకసారి చేయించండి.

ప్రశ్న: నా రిపోర్టులో ‘గ్రేడ్ 2 సిగ్నల్’ అని ఉంది. గ్రేడ్ 3కి వెళ్లకముందే ఆపరేషన్ చేయించుకోవాలా? — తణుకు, వయసు 51

వద్దు. గ్రేడ్ 1, 2 అంటే కుదురు లోపలి పీచు మెత్తబడింది, పైకి చీలలేదు అని అర్థం. అది చిరుగే కాదు. గ్రేడ్ 3 అయితేనే చిరుగు ఉపరితలం దాకా వచ్చినట్టు. ఇవి కాన్సరు స్టేజీల్లాంటివి కావు, రెండు తప్పకుండా మూడు కావాలని లేదు. రిపోర్టు బీరువాలో పెట్టేసి కసరత్తులు చూసుకోండి.

ప్రశ్న: రొయ్యల చెరువు మీద కాపలా ఉంటాను. 55 ఏళ్లు. గట్టు మీంచి జారినప్పట్నుంచీ అయిదు రోజులుగా మోకాలు పూర్తిగా చాపలేకపోతున్నాను. ఏదో అడ్డం పడ్డట్టు ఆగిపోతోంది. మర్దనా చేయిస్తున్నాను. — భీమవరం వైపు

మర్దనా ఆపండి, ఈ వారంలోనే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. కుదురు నిలువునా చీలి, లోపలి అంచు బకెట్టు పిడిలా లేచి ఎముకల మధ్య ఇరుక్కుంటే మోకాలు ఇలా తాళం పడుతుంది. వాపు వల్ల, నొప్పికి భయపడి బిగుసుకోవడం వల్ల కూడా చాపలేకపోవచ్చు. తేడా చూసి చెప్పాలి. నిజంగా ఇరుక్కుంటే మాత్రం వయసుతో నిమిత్తం లేకుండా కీహోల్ ఆపరేషన్ అవసరమైన సందర్భం ఇదే. బలవంతంగా లాగి చాపిస్తే చిరుగు పెద్దదవుతుంది, పక్కనున్న నున్నటి మృదులాస్థి గీసుకుపోతుంది. అప్పుడప్పుడూ ‘టక్’మని పట్టి వెంటనే వదిలేసేదానికి ఈ హడావుడి అక్కర్లేదు.

మోకాలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం ఉంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, అది కీల్లో చీము కావచ్చు. పిక్క వాచి, నొక్కితే నొప్పిగా ఉంటే రక్తం గడ్డ కట్టిందేమో అదే రోజు చూపించుకోవాలి.

ప్రశ్న: పాలకొల్లు. రిటైర్డ్ టీచర్ని, 66 ఏళ్లు. ఆపరేషన్ వద్దు, ఫిజియోథెరపీ చెయ్యమన్నారు. సెంటరుకి వెళ్తే కరెంటు పెట్టి, వేడి పెట్టి పంపిస్తున్నారు. ఇంట్లోనే చేసుకునేలా వివరంగా చెప్పగలరా?

కరెంటు, వేడి కాసేపు హాయినిస్తాయి, కండ పెంచవు. మీకు కావలసింది తొడ ముందు కండ, పిరుదు కండ. మోకాలికి కొత్త కుదురు తేలేం, పైన బరువు మోసే కండని మాత్రం పెంచుకోవచ్చు.

మొదటి రెండు వారాలు మంచం మీద. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని మంచానికేసి నొక్కండి. తొడ రాయిలా బిగుసుకోవాలి. ఆరు అంకెలు లెక్కపెట్టి వదలండి. పదిహేనుసార్లు, రోజుకి మూడుపూటలా. తర్వాత వెల్లకిలా పడుకుని బాగున్న కాలు మడిచి, నొప్పి కాలు చాపి ఉంచి ఒక అడుగు ఎత్తుకి లేపండి. అయిదు అంకెలు ఆపి మెల్లగా దించండి. పదేసి చొప్పున మూడు విడతలు. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే మోకాలు కాస్త వంగి ఉండగానే ఎత్తేస్తారు. అప్పుడు పని తుంటి ముందు కండ చేస్తుంది, తొడ కండ తప్పించుకుంటుంది. ముందు మోకాలు బిగించి, మడమ కాస్త దూరంగా తోసి, ఆ తర్వాతే ఎత్తాలి. ఊపిరి బిగబట్టకండి, బీపీ పెరుగుతుంది. అంకెలు పైకి లెక్కపెడుతూ చేస్తే ఊపిరి దానంతటదే ఆడుతుంది.

పక్కకి తిరిగి, మంచి కాలు కిందకి వచ్చేలా పడుకుని పై కాలు తిన్నగా ఎత్తడం కూడా మొదటి వారం నుంచే చెయ్యండి, పదేసి మూడుసార్లు. వీపు వెనక్కి వాలితే పిరుదు కండ పనిచేయదు. వీపు గోడకి ఆనించుకుని చేస్తే వాలిపోవడం తెలుస్తుంది.

మూడో వారం నుంచి కుర్చీ. 18 అంగుళాల ఎత్తున్న చెక్క కుర్చీ గోడకి ఆనించి పెట్టండి. ప్లాస్టిక్ కుర్చీ గచ్చు మీద జారుతుంది, అది వద్దు. చేతులు వాడకుండా మూడు అంకెల్లో లేచి, మూడు అంకెల్లో కూర్చోవాలి. కూర్చునేటప్పుడు ధబాలున పడితే సగం లాభం పోయినట్టే, దిగేటప్పుడు కూడా కండ గట్టిపడుతుంది. మోకాళ్లు లోపలికి ఒంగకుండా కాలి రెండో వేలి దిశలో ఉండాలి. మొదట్లో కష్టమైతే కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచండి, వారానికో దిండు తీసెయ్యండి. పదేసి మూడు విడతలు. కిటికీ ఊచ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం పదిహేనుసార్లు దీనికి కలపండి.

అయిదో వారం నుంచి మెట్టు. నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తున్న మెట్టు మీద నొప్పి కాలితో నిలబడి, రెండో కాలి మడమ నేలకి తగిలీ తగలనట్టు మెల్లగా దించి మళ్లీ పైకి లేవండి. గోడకి చెయ్యి ఆనించుకోండి. ఎనిమిదేసి మూడు విడతలు. రేవు మెట్లు, మేడ మెట్లు నొప్పి లేకుండా దిగడానికి దీన్ని మించింది లేదు.

బరువు పెంచకపోతే కండ పెరగదు, ఇళ్లల్లో చేసే కసరత్తు ఎక్కువగా ఇక్కడే చప్పబడిపోతుంది. పాత ప్యాంటు కాలు ముక్క కోసి, అర కిలో ఇసుక పోసి, రెండు చివర్లూ కుట్టేసి చీలమండకి కట్టుకుని కాలు ఎత్తండి. గోదావరి జిల్లాల్లో ఇసుక్కి కరువు లేదు కదా. పదిసార్లలో చివరి రెండుమూడు కష్టంగా ఉంటే బరువు సరిపోయినట్టు. తేలిగ్గా అయిపోతుంటే మరో అర కిలో. రెండు, మూడు కిలోల దాకా వెళ్లొచ్చు. బరువుతో చేసేవి రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు చాలు. కండ విశ్రాంతిలోనే పెరుగుతుంది.

నొప్పి వస్తే ఆపాలా? పదికి నాలుగు, అయిదు లోపు నొప్పి ఫర్వాలేదు. మర్నాడు పొద్దుటికి తగ్గిపోతే అదే మోతాదు కొనసాగించండి. మర్నాటికి వాపు వచ్చినా, నొప్పి పెరిగినా ఒక మెట్టు వెనక్కి రండి, పూర్తిగా మానకండి. మూడోవారంలో చాలామంది ‘ఇంకా తగ్గలేదు’ అని వదిలేస్తారు. తేడా తెలిసేది సాధారణంగా ఆరోవారం తర్వాతే.

సైకిలు తొక్కడం వస్తే వదులుకోకండి. మన డెల్టాలో ఎక్కుడు దిగుడు లేదు, కాలవ గట్టు రోడ్డు మీద పొద్దున్నే పదిహేను నిమిషాలతో మొదలుపెట్టి అరగంట దాకా పెంచండి. సీటు ఎత్తు ముఖ్యం: పెడలు కిందికి ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సీటు కిందకుంటే ప్రతి చుట్టుకీ మోకాలు అతిగా మడుచుకుని నొప్పి పెరుగుతుంది. ప్రమాదం తొక్కడంలో కాదు, దిగడంలో ఉంది. బండి పూర్తిగా ఆగాక, పాదం గట్టిగా మోపి, ఆ పాదం మీద తిరక్కుండా దిగండి.

ఎంత మెరుగయ్యారో కొలుచుకోవాలంటే: చేతులు గుండె మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేవగలరో లెక్కపెట్టి క్యాలెండరు మీద రాయండి. మీ వయసు మగవాళ్లకి 12 కంటే తక్కువైతే సగటు కంటే తక్కువ. రెండు వారాలకోసారి చూసుకోండి.

ప్రశ్న: ఆత్రేయపురంలో పూతరేకులు తీస్తాను. 54 ఏళ్లు. రోజుకి ఆరేడు గంటలు పీట మీద కూర్చోవాలి. మోకాలి మెనిస్కస్ అరిగి చిరిగిందన్నారు. పని మానెయ్యమంటున్నారు. మానేస్తే ఎలాగండి?

పని మానక్కర్లేదు, ఎత్తు మార్చాలి. పీట మీద కూర్చుంటే మోకాలు 120 డిగ్రీలు దాటి మడుచుకుంటుంది. రేకు తీయడానికి ఎడమా కుడీ వంగినప్పుడల్లా ఆ మడతలోనే మెలిపడుతుంది. చిరిగిన వెనక భాగానికి అంతకంటే చెడ్డ భంగిమ లేదు. కుండ బోర్లించే పొయ్యిని ఇటుకలతో దిమ్మె కట్టి పైకి లేపండి. 18 అంగుళాల కుర్చీలో కూర్చున్నప్పుడు కుండ పైభాగం మీ మోచేతి ఎత్తుకి రావాలి, అంతకంటే ఎత్తయితే భుజం పట్టేస్తుంది. మంట వేసే నోరు మీ కాళ్ల వైపు కాకుండా పక్కకి ఉండేలా కట్టించండి, లేకపోతే కుర్చీలో కూర్చున్నవాళ్ల మోకాళ్లకే సెగ కొడుతుంది. దిమ్మె కట్టేదాకా నొప్పి కాలు చాపుకుని కూర్చోండి, ఇరవై నిమిషాలకోసారి లేచి నాలుగడుగులు వెయ్యండి. లేచేటప్పుడు మోకాలి మీద మెలితిరిగి లేవకుండా ముందు స్టూలు పట్టుకోండి. ఇంట్లో కత్తిపీట బల్ల మీదకెక్కాలి, టాయిలెట్లో కమోడ్ కుర్చీ పెట్టించాలి. మోకాలి నొప్పి బిళ్లల కంటే ఈ మార్పులకి పెట్టే ఖర్చు మేలని మా అభిప్రాయం.

ప్రశ్న: ‘గుజ్జు అరిగిపోయింది, గుజ్జు సూది వేస్తాం’ అన్నారు. ఇంకొకరు పీఆర్‌పీ అన్నారు. నాకు షుగరు ఉంది. ఏది మంచిది? — కాకినాడ, వయసు 64

‘గుజ్జు’ అనే మాటతో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. ఎముక చివర నున్నటి పూత (మృదులాస్థి) ఒకటి, కుదురు ఒకటి, కీల్లోని జిగురు నీరు ఒకటి. గుజ్జు సూది అంటే హయలురోనిక్ ఆమ్లం, అది మూడోదానికి సంబంధించింది. అరిగిన పూతని పెంచదు, చిరిగిన కుదురుని అతకదు. కొందరికి కొన్ని నెలలు కొంచెం ఉపశమనం. ధరకి తగ్గ ఫలితం అని మేం చెప్పలేం.

పీఆర్‌పీ అంటే మీ రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం. 288 మంది అరుగుదల రోగుల మీద ఆస్ట్రేలియాలో చేసి 2021లో ప్రచురించిన పరీక్షలో ఏడాది తర్వాత మందేమీ లేని ఉప్పునీటి సూదికీ దీనికీ నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

స్టెరాయిడ్ సూది వాపుతో ఉబ్బిన మోకాలికి కొన్ని వారాలు బాగా పనిచేస్తుంది. నడవలేనంత వాపుంటే, కసరత్తులు మొదలుపెట్టడానికి వీలుగా ఒకసారి వేయించుకోవచ్చు. అలవాటు చేసుకోకూడదు. మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు వేసిన పరీక్షలో ఉప్పునీటి గుంపు కంటే నొప్పి ఏమీ తగ్గలేదు, మృదులాస్థి మాత్రం ఎక్కువ పలచబడింది. మీకు షుగరు ఉంది కాబట్టి సూది తర్వాత నాలుగైదు రోజుల నుంచి వారం దాకా చక్కెర పెరుగుతుంది. రోజుకి రెండుసార్లు చూసుకోండి, మందు సర్దుబాటు ముందే అడిగి పెట్టుకోండి. త్వరలో కీలు మార్పిడి ఆలోచన ఉంటే సూదికీ ఆపరేషన్‌కీ మధ్య కనీసం మూడు నెలలు ఎడం ఉండాలి, లేకపోతే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది.

ప్రశ్న: రెండు నెలల క్రితం కీహోల్ చేయించాను, చిరిగిన ముక్క తీశారు. ముందుకంటే నొప్పి ఎక్కువైంది. వయసు 68. ఆపరేషన్ చెడిందా? — ఏలూరు

చెడిందని ఇప్పుడే అనలేం. ముందు నుంచీ ఉన్న అరుగుదలే నొప్పికి అసలు కారణమై ఉండొచ్చు, ముక్క తీసినా అది అలాగే ఉంటుంది. లేదా కుదురు సన్నబడ్డాక బరువు పడి ఎముకలో పగులు వచ్చి ఉండొచ్చు, అలాంటప్పుడు నిలబడితే పోటు, రాత్రి సలుపు. లేదా ఆపరేషన్ తర్వాత తొడ కండ ఎండిపోయి ఉండొచ్చు. ఇది మీరే చూసుకోవచ్చు: మోకాలి చిప్ప పై అంచు నుంచి నాలుగు అంగుళాల పైన టేపుతో రెండు తొడలూ కొలవండి. నొప్పి కాలు ఒక అంగుళం తక్కువుంటే కండ పోయినట్టే. మళ్లీ ఎక్స్‌రే నిలబెట్టి తీయించండి, రాత్రి నొప్పి ఉంటే ఎమ్మారై కూడా. ఎముక పగులు తేలితే కొన్ని వారాలు వాకరుతో బరువు తగ్గించాలి. ‘ఇంకోసారి కీహోల్ చేసి శుభ్రం చేద్దాం’ అన్నదానికి మాత్రం ఒప్పుకోకండి.

ప్రశ్న: మెనిస్కస్ చిరుగుతో అన్నవరం కొండ మెట్లెక్కవచ్చా? 2027 పుష్కరాలకి రేవులో దిగాలనుంది. చేతికర్ర ఏ చేతిలో పట్టుకోవాలి? — తుని, వయసు 70

అన్నవరానికి కొండ మీదకి రోడ్డుంది, వాహనంలో వెళ్లండి. ఎక్కడం కంటే దిగడం మోకాలికి కష్టం, మొక్కు ఉంటే ఎక్కి, దిగేటప్పుడు బండిలో రండి. పుష్కరాలకి టైముంది, పైన చెప్పిన మెట్టు కసరత్తు ఇప్పుడే మొదలుపెట్టండి. పాచి పట్టిన మెట్టు మీద జారినప్పుడే మోకాలు మెలిపడుతుంది కాబట్టి రేవులో ఒక మనిషి చెయ్యి తప్పనిసరి.

బరువు అయిదు కిలోలు తగ్గగలిగితే నడిచే ప్రతి అడుగుకీ మోకాలి మీద దాదాపు ఇరవై కిలోల భారం తగ్గుతుంది. రాత్రి అన్నం తగ్గించి చూడండి.

కర్ర నొప్పి కాలికి ఎదుటి చేతిలో పట్టుకోవాలి. కుడి మోకాలు నొప్పయితే ఎడమ చేతిలో. నిటారుగా నిలబడి చెయ్యి వేలాడేసినప్పుడు మణికట్టు మడత ఎంత ఎత్తులో ఉందో కర్ర పిడి అంత ఎత్తుండాలి. కింద రబ్బరు బూటు అరిగితే వెంటనే మార్చండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రా నొప్పి కాలూ ముందు.